రోజుకు ఒక్క గోలీ

ఆ అమ్మాయి మొదటిసారి మా గదికి వచ్చేనాటికి ఏడేళ్లది. కుర్చీలో కూర్చోబెడితే కాళ్లు నేలకు అందలేదు. వెంట అమ్మమ్మ వచ్చింది. పరకాల పక్కన ఒక ఊరు వాళ్లది. ముసలామె మిర్చికి తొడిమెలు తీసే కూలికి పోయేది. ఎన్నిసార్లు కడిగినా చేతుల మంట పోదని, మనవరాలి ముఖం తుడవాల్సి వస్తే కొంగుతోనే తుడిచేది, వేళ్లు తగలనిచ్చేది కాదు. పిల్ల తల్లీ తండ్రీ ఏడాది తేడాతో పోయారు. ఏ జబ్బుతో పోయారో ఊళ్లో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనేవారు కాదు.

నేను వరంగల్‌లో ఒక ప్రభుత్వ దవాఖానలో, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే చోట కౌన్సెలర్‌ని. అప్పటికి ఆ ఉద్యోగంలో చేరి కొద్ది నెలలే అయింది. చేరిన మొదటి వారంలో ఒకాయన ఏడుస్తూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన వెళ్లిపోయాక నేను బయటి నల్లా దగ్గరికి పోయి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాను. తాకితే అంటదని ఆ పొద్దున్నే నలుగురికి చెప్పినదాన్ని నేనే. ఇది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. తర్వాత జరిగినవి చెప్పాలంటే ఇది కూడా చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. ఈ కథ రాయమన్నది ఆ అమ్మాయే. పేర్లు వద్దు, గుర్తుపట్టే ఆనవాళ్లు వద్దు అంది. అట్లాగే పేర్లు లేకుండా, ఊళ్లూ పనులూ మార్చి రాస్తున్నాను.

ఆ రోజుల్లో పొద్దునొక మోతాదు, సాయంత్రమొక మోతాదు మందు ఉండేది. పిల్లలకు గోలీని విరిచి ఇవ్వాలి. వేళ తప్పకూడదు. నేను గడియారం బొమ్మ గీసి చూపించబోతే అమ్మమ్మ నా చెయ్యి ఆపింది.

"గడియారం నాకేం సమజైతది బిడ్డా. మా ఊరి మీదికెల్లి పరకాల బస్సు పొద్దున ఎనిమిదింటికి పోతది, మాపటికి ఎనిమిదింటికి మల్ల వస్తది. హారన్ ఇనంగనే ఏస్త. నడుస్తదా?"

"నడుస్తది" అన్నాను.

"మరి ఎన్నేండ్లు బతుకుతది?"

 మా రిజిస్టర్‌లో ఆ వయసు పిల్లల పేర్లు కొన్ని అప్పటికే కొట్టేసి ఉన్నాయి. "మందు తప్పకుండా ఏస్తే మంచిగుంటది" అన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి లేచింది. నేను జవాబు చెప్పలేదని ఆమెకు అర్థమైంది.

ఆ ముసలామె ఒక్క పూట కూడా తప్పలేదు. బస్సులు సమ్మెలో ఉన్నన్నాళ్లూ రోజుకు రెండుసార్లు బడి పంతులు ఇంటికి నడిచిపోయి టైము అడిగింది. సమ్మక్క జాతరకు పోయే ముందు మా దగ్గరికి వచ్చి నాలుగు రోజుల మందు ఎక్కువ అడిగి తీసుకుంది. తిరిగి వచ్చాక బెల్లం ముక్క నా చేతిలో పెట్టి, "మేడారంల బస్సు హారన్లు ఆగకుంట మోగుతయి. ఏది ఎనిమిదో ఎట్ల తెల్వాలె? పక్క గుడారమోళ్లను అడుక్కుంట ఏసిన" అని నవ్వింది.

పిల్లకు పదమూడేళ్లు వచ్చాక జబ్బు పేరు చెప్పాల్సిన పని నామీద పడింది. అప్పటిదాకా "రక్తం తక్కువ, అందుకే గోలీలు" అని చెప్పేవాళ్లం. మూడు నెలల పాటు కొంచెం కొంచెంగా సిద్ధం చేసి, ఒకరోజు అమ్మమ్మను బయట కూర్చోబెట్టి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అమ్మ గిందుకేనా సచ్చిపోయింది?"

"అవును."

"మరి అమ్మకు గోలీలు ఎందుకియ్యలే?"

అప్పటికి ఆ మందులు మన దాకా రాలేదని చెప్పాను. ఉన్న చోట ఉన్నాయనీ, కొనగలిగినవాళ్లు కొన్నారనీ, ఇక్కడ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టేసరికి వాళ్ల అమ్మకు ఆలస్యమైపోయిందనీ పదమూడేళ్ల పిల్లకు ఎట్లా విడమరచాలి? ఆ అమ్మాయి గోడ మీది పోస్టర్ వైపు చూస్తూ కూర్చుంది.

పదహారో ఏట హాస్టల్లో చేరింది. ఇంటర్ మొదటి సంవత్సరం. అక్కడ పొద్దునా సాయంత్రం గోలీలు మింగుతుంటే పక్క మంచం పిల్లలు అడగడం మొదలుపెట్టారు. అడిగినప్పుడల్లా ఒక కొత్త అబద్ధం చెప్పి చెప్పి విసిగి, మందు మానేసింది. నెలనెలా మా దగ్గరికి వచ్చి డబ్బా తీసుకుపోయేది. బాత్రూముల వెనక పారబోసేది. ఎనిమిది నెలలకు టీబీతో తెచ్చి పడేశారు. మంచం మీద దుప్పటి కింద మనిషి ఉన్నట్టే తెలియలేదు.

నేను తిట్టాను. నీ అమ్మమ్మ బస్సు హారన్లు లెక్కపెట్టి పెంచింది ఇందుకేనా అని గట్టిగా అరిచాను. ఆమె కళ్లు మూసుకునే అంది:

"మందు ఏస్కుంటెనే కద మేడం, నాకు రోగమున్నదని యాదికొస్తది. ఏస్కోకపోతె అందరి లెక్కనే ఉంట."

 నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. మందు గురించి ఆమెకు ఎంతో చెప్పాను. అందరిలా ఉండాలనే ఆమె కోరిక గురించి మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఆ తర్వాత నుంచి ఎవరైనా మందు మానేసి వస్తే ముందు తిట్టడం మానుకున్నాను.

టీబీకి మందు వాడారు. హెచ్ఐవీ మందులు కూడా మార్చారు, ఎందుకంటే ఆపి మొదలుపెట్టే మందుకు వైరస్ అలవాటుపడుతుంది. కొత్తవి లెక్కకు ఎక్కువ, కడుపులో తిప్పేవి. అయినా వేసుకుంది. డిగ్రీలో ఉండగా అమ్మమ్మ పోయింది. వయసు మీదపడి, పడుకున్నది పడుకున్నట్టే పోయింది. దినాలయ్యాక ఆ అమ్మాయి ఒంటరిగా వచ్చి మందు తీసుకుంటూ, "ఇగ నాకు నేనే హారన్ కొట్టుకోవాలె మేడం" అంది.

తర్వాతి కొన్నేళ్లలో మా పనిలో వచ్చిన మార్పును నేను కళ్లారా చూశాను. రోజుకు ఒక్క గోలీ చాలనే మందు వచ్చింది. కడుపులో తిప్పడం తగ్గింది. రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే పరీక్ష అందరికీ చేయడం మొదలైంది. పరీక్షలన్నీ చూసి డాక్టర్ ఆ అమ్మాయిని కూడా కొత్త మందు మీదికి మార్చారు. ఆరు నెలలకు వచ్చిన కాగితంలో వైరస్ కనిపించలేదని ఉంది. పోలేదు. ఒంట్లో ఎక్కడో కణాల్లో దాగి ఉంటుంది, మందు మానితే మళ్లీ లేస్తుంది. కానీ రక్తంలో పరీక్షకు దొరకనంత అణిగిపోయింది. అట్లా ఉన్నన్నాళ్లూ కాపురం చేసే మనిషికి అంటదని డాక్టర్ మాకు క్లాసు తీసుకుని మరీ చెప్పారు.

ఆ క్లాసులో కూర్చుని నేను వేరే ఒకామె గురించి ఆలోచించాను. అంతకు చాలా ఏళ్ల ముందు ఒక టీచరమ్మ, తనకు హెచ్ఐవీ ఉందని తెలిసీ ఒకతను పెళ్లికి సిద్ధంగా ఉన్నాడని సలహా కోసం వచ్చింది. నేను వద్దన్నాను. అతని బతుకు ఎందుకు ప్రమాదంలో పెడతావన్నాను. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఇప్పటికీ మూడు నెలలకోసారి వచ్చి మందు తీసుకుని నమస్తే చెప్పి పోతుంది. అప్పుడు మాకు తెలిసింది అంతే. అయినా ఆమె నమస్తే పెట్టినప్పుడు నా తల కొంచెం వంగుతుంది.

డిగ్రీ అయ్యాక ఆ అమ్మాయి బజారులో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనికి చేరింది. చీరకు సరిపడే జాకెట్ ముక్క రంగు వెతికి ఇవ్వడంలో ఆమెను మించినవాళ్లు లేరని పేరు. అదే షాపులో బిల్లింగ్‌లో ఉండే అతను పెళ్లి మాట ఎత్తాడు. ఆమె ముందు వద్దంది. అతను వదలలేదు. చివరికి ఒక మధ్యాహ్నం అతన్ని మా గదికి తీసుకొచ్చింది.

"నాతోని కాదు మేడం, మీరే చెప్పుండ్రి" అంది.

"నేను పక్కనుంటా. చెప్పాల్సింది నువ్వే" అన్నాను.

చెప్పింది. పుట్టినప్పటి నుంచి ఉందని, అమ్మ నుంచి వచ్చిందని, రోజుకు ఒక్క గోలీ అని, ఎప్పటికీ మానకూడదని. అతను బల్ల అంచును గోటితో గీకుతూ విన్నాడు.

"మరి నాకు రాదా?"

నేను పరీక్ష కాగితం చూపించి, మందు సరిగ్గా వేసుకున్నన్నాళ్లూ రాదని చెప్పాను. "పిల్లలు పుడితే?" అన్నాడు. తల్లికి మందు, పుట్టిన బిడ్డకు కొన్ని వారాల చుక్కల మందు ఉంటే బిడ్డకు రాకుండా చూడొచ్చనీ, దాదాపు అందరు బిడ్డలూ బాగానే పుడుతున్నారనీ చెప్పాను. అతను లేచి వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి దుపట్టా సర్దుకుని, "పోనీ మేడం, ఇన్నడు కద" అంది.

రెండు వారాలు అతను షాపులో ఆమెతో మాట్లాడలేదు. మూడో వారం ఒక్కడే మా దవాఖానకు వచ్చి డాక్టర్‌ని కలిసి అవే ప్రశ్నలు మళ్లీ అడిగాడట. పోతూ పోతూ నా గదిలోకి తొంగి చూసి, "ఆమెకు చెప్పుండ్రి, నేను తయారే. మా అమ్మకు మాత్రం ఇప్పుడే ఎర్క కావద్దు" అన్నాడు.

పెళ్లి పాలకుర్తి గుట్ట మీది గుడిలో జరిగింది. నన్ను రమ్మని ఆ అమ్మాయి పట్టుబట్టింది. తన తరఫున వచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురే. ఎవరని చెప్పాలి? "షాపు కస్టమర్ అని చెప్తా. అక్కడా మేడం అనే పిలుస్తం కద" అంది. నేను ఒప్పుకున్నాను. అత్తగారు ఇంట్లో చీరలకు ఫాల్స్ కుట్టే మనిషి. నా చీర అంచు పట్టుకుని చూసి, "చెల్లె, గీ ఫాల్ ఎవలు కుట్టిండ్రు? ముడతలు పడ్డది. ఈసారి నాకియ్యి" అంది. పక్కన కూర్చోబెట్టుకుని తన చేత్తో వడ్డించింది. ఆ తర్వాత నిజంగానే రెండు చీరలు ఆమెకు పంపాను.

ఏడాదికి కడుపు పండింది. నెలలు నిండేదాకా మందు ఒక్కరోజు తప్పలేదు. ఆడపిల్ల పుట్టింది. ఆరు వారాలకు మడమ మీద గుచ్చి రక్తపు చుక్కలు తీసి పరీక్షకు పంపారు. లేదని వచ్చింది. ఆరు నెలలప్పుడు మళ్లీ లేదని వచ్చింది. పాలు మానిపించాక, పద్దెనిమిది నెలలకు చివరి పరీక్ష. అది కూడా లేదని వస్తే ఇక భయం లేదు.

ఇంట్లో ఆమె తన గోలీలను క్యాల్షియం డబ్బాలో పోసుకుని దాచేది. బాలింతకు క్యాల్షియం రాస్తారు కాబట్టి ఎవరూ అడగలేదు. పాపకు పదో నెల నడుస్తుండగా, ఒక పొద్దున్న వరుసలో నిలబడ్డవాళ్ల మధ్య అత్తగారు కనిపించింది. కొంగు ముడిలో ఏదో ఉంది. నేను తల తిప్పుకునేలోపే చూసింది.

"చెల్లె! నువ్వు ఈడ కొలువు జేస్తవా?"

గదిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టాను. ఆమె ముడి విప్పి ఒక గోలీ బల్ల మీద పెట్టింది.

"మోకాళ్లు గుంజుతానయని కోడలు డబ్బాల క్యాల్షియం నాలుగొద్దులు ఏస్కున్న. ఆమెకు తక్కువ పడతయని ఇసోంటివే కొందామని మందుల దుకాణంకు పోయిన. ఆయన తిప్పి మల్ల చూసి, ఇవి మా తాన దొరకయి, దవాఖానల గీ గదికి పో అన్నడు. ఇది దేని గోలి?"

 ఆ గదిలో విన్నది బయటికి చెప్పకూడదు. చట్టం ఒప్పదు, నా మనసూ ఒప్పదు. కానీ ఆమె ఆ మందు మింగింది.

"నాలుగు మింగినంత మాత్రాన ఏం కాదక్కా. అయినా ఒకసారి డాక్టర్‌కు చూపిద్దాం. ఇంకెప్పుడూ వేరేవాళ్ల మందు వేసుకోవద్దు."

"అది గాదు. ఇది దేనికిస్తరు?"

"ఈ గదిలో ఎవరి గురించి ఎవరు అడిగినా నేను చెప్పలేను."

ఆమె తల తిప్పి గోడ మీది పోస్టర్లను ఒక్కొక్కటే చదివింది. ఆమె పెదవులు కదలడం నాకు కనిపించింది. చదవడం అయిపోయాక నా వైపు తిరిగింది.

"నువ్వు షాపు కస్టమర్‌వు గాదు."

"కాదు."

ఆమె గోలీని మళ్లీ ముడి వేసుకుని వెళ్లిపోయింది. నేను వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.  "నేనే చెప్త మేడం. ఆమె ఇంటికొచ్చేలోపు మా ఆయనను గూడ పిలుస్త" అంది.

ఆ తర్వాత జరిగింది నాకు ఆమె చెప్పిందే. అంతా విన్నాక అత్తగారు మొదట చేసిన పని, కోడలి ఒళ్లోంచి పాపను లాక్కోవడం. తర్వాత కొడుకును అడిగింది, "నీకు ఎర్కనా?" అని. పెళ్లికి ముందే తెలుసని అతను చెప్పాడు. జబ్బు మాట కన్నా ఆ మాటకే ఆమె కుప్పకూలిందట. "ఇంట్ల అందరికి ఎర్క. నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని" అని ఏడ్చిందట. మర్నాడు బట్టలు సర్దుకుని పరకాలలో చెల్లెలి ఇంటికి పోయింది. నెల రోజులు రాలేదు. ఆ నెలంతా ఆ అమ్మాయి గోలీ డబ్బాను దాచకుండా టీవీ పక్కన పెట్టింది. "దాచుడు బందయిందని సంబురమే మేడం. కని ఇల్లు ఖాళీగున్నది" అని ఫోన్‌లో అంది.

అత్తగారు తిరిగి ఇంటికి పోయే ముందు నేరుగా నా దగ్గరికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పెళ్లికొచ్చి నా చేతి బువ్వ తిన్నవ్. ఒక్క ముచ్చట చెప్పలే."

"చెప్పకూడదక్కా, అది తన ముచ్చట. కానీ కస్టమర్‌నని అబద్ధమాడింది తప్పే. నన్ను మన్నించు."

 అప్పుడు కూర్చుంది. ఆ తర్వాత ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. కంచం, బకెట్, పక్కబట్టలు, పాప ఎంగిలి. అన్నిటికీ ఏం కాదని చెప్పాను. చివరి ప్రశ్న అడగడానికి చాలా తటపటాయించింది.

"మేమిద్దరం ఒక్క సూదితోనే ఫాల్స్ కుడతం. ఆమెకు గుచ్చుకున్న సూది నాకు గుచ్చుకుంటది. అండ్లకెల్లి రాదా?"

బట్టలు కుట్టే సూదితో అట్లా రాదనీ, పైగా ఆమె రక్తంలో వైరస్ దొరకడమే లేదనీ చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు. "మనసు నిమ్మళం కోసం పరీక్ష చేయించుకుంటవా?" అంటే వెంటనే చెయ్యి చాపింది. నెగెటివ్ వచ్చింది. ఆ కాగితం మడిచి రవికెలో పెట్టుకుని ఇంటికి పోయింది.

ఇంటికైతే పోయింది, కానీ సూదుల డబ్బా వేరు చేసింది. మంచినీళ్ల గ్లాసు కూడా. ఆ సంగతి విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. వాళ్లింటికి పోయి మాట్లాడతానన్నాను. ఆ అమ్మాయి వద్దంది. "ఉండనీయుండ్రి మేడం. పిల్లను నా ఒళ్లెనే పెట్టి తానం పోస్తాంది, నా చేతి కూర తింటాంది. మీకు మాత్రం మొదటి రోజే అంత ధైర్యముండెనా?" నల్లా దగ్గరి సంగతి ఆమెకు తెలియదు. ఊరికే అడిగింది. నేను లేదని చెప్పాను.

పద్దెనిమిది నెలల పరీక్షకు అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చారు. పాప నా బల్ల మీది పెన్నులన్నీ కింద పడేసింది. కొన్నాళ్లకు ముగ్గురూ మళ్లీ వచ్చేసరికి ఫలితం కాగితం నా దగ్గరుంది. లేదు. ఇక ఈ పిల్ల ఈ గదికి రావాల్సిన అవసరం లేదని చెప్పాను. ఆ అమ్మాయి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పదమూడేళ్లప్పుడు, టీబీ వచ్చినప్పుడు, అమ్మమ్మ పోయినప్పుడు నేను చూడని ఏడుపు అప్పుడు చూశాను. అత్తగారు ఒక చేత్తో పాపను పట్టుకుని రెండో చేత్తో కోడలి వీపు నిమిరింది. తర్వాత కాగితం తీసుకుని మెల్లగా చదివి, నన్ను అడిగింది.

"మరి నా కోడలు కాయితం గిట్ల ఎప్పుడొస్తది?"

 నేను తెలిసినంత చెప్పాను. రోజూ గోలీ బదులు కొన్ని నెలలకోసారి ఇచ్చే సూదిమందులు వచ్చాయని, అవి మన దవాఖాన దాకా ఇంకా రాలేదని. ఎక్కడో కొద్దిమందికి క్యాన్సర్ కోసం ఎముకల్లో మూలుగ మార్చితే ఈ వైరస్ కూడా పోయిందని, కానీ అది ప్రాణాల మీదికి తెచ్చే వైద్యం కాబట్టి అందరికీ చేసేది కాదని. దాగిన వైరస్‌ను బయటికి లాగి చంపే దారి కోసం పెద్ద పెద్ద చోట్ల వెతుకుతూనే ఉన్నారని.

"ఎప్పటికల్లా దొరుకుతది?"

"తెల్వదక్కా."

ఏడేళ్ల పిల్ల ఎన్నేళ్లు బతుకుతుందని అడిగిన ముసలామెకు ఆ ఒక్క మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఈసారి చెప్పాను. అత్తగారు తలూపింది. "తెల్వదంటె తెల్వదనే చెప్పినవ్, మంచిగైంది" అంది. కోడలి వైపు తిరిగి, "లే బిడ్డా, పిల్లకు ఆకలైతాంది" అంది. ముగ్గురూ వెళ్లాక తలుపు దగ్గర ఒకతను నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. మనిషి సగమయ్యాడు. ఏడాదిగా జ్వరాలు వస్తున్నా, ఎవరైనా చూస్తారని పరీక్షకు రాలేదని గుమ్మంలోంచే చెప్పాడు. రమ్మని కుర్చీ చూపించాను.